కొబ్బరితోటలో స్లాషర్: కోత బాగుంది, ఎత్తే నిలవదు

అంబాజీపేట దగ్గర మా కొబ్బరితోటలో గడ్డి కోసం రోటావేటర్ తిప్పించడం మానేసి, ట్రాక్టర్ వెనక తగిలించే 5 అడుగుల రోటరీ స్లాషర్ కొన్నాం. కొబ్బరి వేళ్ళు పైపైనే పరుచుకుంటాయి. రోటావేటర్ కలుపుతోపాటు వాటినీ తెంపేస్తుంది. స్లాషర్‌తో ఆ బెంగ లేదు, నేల కదపకుండా గడ్డి కోసి అక్కడే పరిచేస్తుంది. ఎండకి ఆ పరుపు కింద తేమ ఆరదు. ఈ పని వరకు మెషిన్‌కి వంక పెట్టను. గరిక, తుంగ, నడుములోతు పెరిగిన పిచ్చిమొక్కలు, ఏదైనా ఒకే వరసలో పడుకోబెడుతుంది.

చిక్కంతా కోత ఎత్తు దగ్గరే. అమ్మిన షాపు కుర్రాడు "లీవర్ ఎక్కడ పెడితే అక్కడ ఆగిపోద్దండి" అన్నాడు. తోటలో దింపాక చూస్తే వరస మొదట్లో నాలుగంగుళాల మోడు, చివరికొచ్చేసరికి నేల గీరుకుపోయి మట్టి లేస్తోంది. ట్రాక్టర్ తోలేది మా మరిది. "వదినా, నేను లీవర్ ముట్టుకోలేదు, అదే దిగిపోతంది" అన్నాడు. నిజమే. పనిముట్టుని లేపే ట్రాక్టర్ హైడ్రాలిక్ కాస్త పాతబడి లోపల ఆయిల్ జారుతుంటే, బరువైన పనిముట్టు మెల్లమెల్లగా కిందికి దిగుతుంది. నాగలికైతే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఒక్క అంగుళం దిగినా బ్లేడు డొక్కలకీ, పాతమోళ్ళకీ తగులుతుంది.

దీనికి మందు గొలుసులు. ట్రాక్టర్‌కి పైన టాప్ లింక్ (పనిముట్టుని పైనుంచి పట్టే కడ్డీ) తగిలే చోటు నుంచి కింద రెండు లింకుల (పనిముట్టుని మోసే కడ్డీల) దాకా రెండు వైపులా గొలుసులు వేలాడదీసి, కావలసిన ఎత్తుకి లేపి కొక్కేలు తగిలించి, తర్వాత లీవర్ పూర్తిగా దింపేయాలి. అప్పుడు ముందు భాగం బరువు గొలుసుల మీద ఉంటుంది, హైడ్రాలిక్‌కి పని లేదు. రెండు వైపులా కడియాల లెక్క ఒకటే ఉండాలి, లేకపోతే డెక్ (బ్లేళ్ళ మీదుండే ఇనుప కప్పు) ఒక పక్కకి ఒరుగుతుంది. ఇంత ముఖ్యమైన గొలుసులు మెషిన్‌తో రాలేదు! అడిగితే "అవి ఎక్స్‌ట్రా అండి" అన్నారు. అమలాపురంలో వెల్డింగ్ షాపులో చేయించుకున్నాం. నా రేటింగ్‌లో ఒక స్టార్ అక్కడే పోయింది.

గొలుసులు లేకుండా నడిపేవాళ్ళు పొజిషన్ కంట్రోల్ లీవరే వాడాలి. డ్రాఫ్ట్ కంట్రోల్ నాగలి కోసం పెట్టింది, నేల లాగే బలాన్నిబట్టి అదే లేపుతుంది, దింపుతుంది. స్లాషర్‌కి అది పెడితే గతుకు తగిలిన ప్రతిసారీ కోత ఎగుడుదిగుడు అవుతుంది.

ముందు ఎత్తు గొలుసులు చూసుకుంటే, వెనక ఎత్తు వెనక చక్రానిది. ఆ చక్రం మాత్రం బాగా చేశారు. గట్టి రబ్బరు, మలుపులో తనే తిరుగుతుంది. కానీ దాని కాడకున్న బెజ్జాలు మరీ దూరం. ఒక బెజ్జానికి పిన్ను పెడితే ఎత్తు ఎక్కువ, కింది బెజ్జానికి తక్కువ. మధ్యలో ఇంకోటి డ్రిల్ చేయించాం. స్లాషర్ మీద టాప్ లింక్ తగిలే చోట కదిలే పట్టీ ఇచ్చారు, అది మంచి ఆలోచన. ట్రాక్టర్ ముందు చక్రాలు బోదెలోకి దిగినా స్లాషర్ వెనక చక్రం నేల వదలదు. టాప్ లింక్‌ని బిగించి పట్టేస్తే ఆ సుఖం పోతుంది.

మేము కొలిచేది కాయలు పోసే గచ్చు మీద. ఇంజను ఆపి, పీటీవో (ట్రాక్టర్ నుంచి బ్లేళ్ళని తిప్పే షాఫ్టు) తప్పించి, తాళం నా కొంగున ముడేసుకుని, డెక్ కింద దిమ్మలు పెట్టాకే చెయ్యి పెట్టనిస్తాను. బ్లేడు మొన ముందుకి తిప్పి టేపు పెడితే 4 అంగుళాలు, వెనక్కి తిప్పితే 5కి కొంచెం తక్కువ. ముందు ఆ కాస్త దిగి ఉండాలి. సమంగా ఉన్నా, వెనక దిగినా కోసిన గడ్డినే బ్లేడు మళ్ళీ కోస్తుంది, గడ్డి మెత్తగా నలుగుతుంది కానీ ఇంజను మూలుగుతుంది, డీజిల్ తాగుతుంది.

గచ్చు మీద లెక్క తోటలో తప్పుతుంది, అదింకో తంటా. మాది నల్లమట్టి, వాన పడ్డాకో బోదెలో నీళ్ళు వదిలాకో టైర్లు దిగబడతాయి, వాటితోపాటు గొలుసులూ, ఎత్తూ దిగుతాయి. అందుకే వానాకాలం ఒక కడియం పైకి తగిలిస్తాం. ఇసుకపాలు ఎక్కువున్న లంక భూముల్లో ఈ బాధ తక్కువే ఉండాలి.

మట్టలు, రాలిన కాయలు ఏరించకుండా తోలొద్దు. బ్లేళ్ళు బోల్టు మీద ఆడుతుంటాయి కాబట్టి గట్టిది తగిలితే వెనక్కి ముడుచుకుంటాయి, అంతమాత్రాన రాయి ఎగరడం ఆగదు. వెనక గొలుసుల తెర ఉన్నా సరే, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వను.

మొక్కకీ మొక్కకీ 8 మీటర్లు వదిలి, మధ్యలో ఏమీ వేయని తోటకి ఇది కొనొచ్చు. అరటి, కోకో వేసినచోట తిరగడానికి చోటుండదు. కొనేటప్పుడు గొలుసులు బిల్లులోనే రాయించండి, ట్రాక్టర్‌కి తగిలించి ఎత్తు పెట్టి చూపించేదాకా డబ్బు మొత్తం ఇవ్వకండి.

5కి మూడున్నర.