పైథాన్ ఇంట్(): దాని ఎర్రర్ మెసేజ్ అంటే నాకెందుకింత ఇష్టం

పైథాన్‌లో నాకు బాగా నచ్చిన ఫీచర్ ఏదని అడిగితే, ఇంట్() ఇచ్చే వాల్యూఎర్రర్ అంటాను. ఇంట్() అంటే ఇచ్చినదాన్ని పూర్ణాంకంగా మార్చే ఫంక్షన్. మార్చడం కుదరని టెక్స్ట్ ఇస్తే అది ఆగి చూపించే ఎర్రరే వాల్యూఎర్రర్. ఏళ్ల తరబడి నా పని ఒకటే: ఎవరెవరో పంపిన సీఎస్‌వీ ఫైళ్లలో (గడుల్ని కామాలతో విడదీసి రాసే పట్టికల్లో) టెక్స్ట్‌గా ఉన్న అంకెల్ని పూర్ణాంకాలుగా మార్చి డేటాబేస్‌లోకి ఎక్కించడం. ఇక్కడ తప్పు లెక్క కంటే ఆగిపోయిన ప్రోగ్రామే నయం. '12,500' ఇస్తే ఇంట్() ఒప్పుకోదు. జావాస్క్రిప్ట్‌లో ఇదే పని చేసే పార్స్‌ఇంట్‌కి ఇస్తే కామా దగ్గర చదవడం ఆపేసి 12 అని చేతిలో పెడుతుంది.

ఒకసారి ఒక ఫైల్ మొదటి వరుస దగ్గరే ఆగిపోయింది. హెడర్ లేని ఫైల్, మొదటి గడిలో 1047. ఎడిటర్‌లో చూసినా 1047, ప్రింట్ చేసినా 1047. కింది వరుసలన్నీ చక్కగా మారుతున్నాయి. టీమ్‌లో ఒకరు అటూ ఇటూ ఉన్న ఖాళీల్ని తీసేసే స్ట్రిప్() పెట్టి చూశారు, లాభం లేదు. ఫైలే పాడైంది, మళ్లీ పంపమందాం అన్నారు ఇంకొకరు. సమాధానం ఎర్రర్ మెసేజ్ చివర్లోనే ఉంది. కోట్స్ మధ్య, 1047కి ముందు, బ్యాక్‌స్లాష్ యు ఎఫ్ఈఎఫ్ఎఫ్ అని కనిపించింది. అది బామ్ (బైట్ ఆర్డర్ మార్క్). కొన్ని ప్రోగ్రాములు ఫైల్ సేవ్ చేసేటప్పుడు మొదట్లో తగిలించే, కంటికి కనపడని గుర్తు. పైథాన్ దాన్ని ఖాళీ స్థలంగా లెక్కపెట్టదు కాబట్టి స్ట్రిప్() దాని జోలికి పోలేదు. ఫైల్ తెరిచేచోట ఎన్‌కోడింగ్‌ని 'యూటీఎఫ్-8-సిగ్' అని మార్చగానే మొత్తం ఎక్కేసింది. ప్రింట్()లో కనపడనిది ఆ మెసేజ్‌లో ఎందుకు కనపడిందంటే, ఇంట్() తనకిచ్చిన టెక్స్ట్‌ని రెప్ర్() రూపంలో, అంటే కనపడని గుర్తుల్ని కూడా వాటి కోడ్‌తో రాసి, చూపిస్తుంది. ఇది ఆలోచించి పెట్టినవాళ్లకు నేను నిజంగా రుణపడి ఉన్నాను.

అన్నిచోట్లా ఇంత నిక్కచ్చిగా ఉంటుందని మాత్రం చెప్పలేను. 3.6 వెర్షన్ నుంచి '1_000'ని 1000గా తీసుకుంటోంది. ఫైల్లో ఎవరో పొరపాటున కొట్టిన అండర్‌స్కోర్ కూడా అలాగే దాటిపోతుంది. '౧౨౩' అని తెలుగు అంకెలిచ్చినా 123 వస్తుంది. అది చూసినప్పుడు మాత్రం చాలా సంతోషమేసింది.

ఫ్లోట్ (కంప్యూటర్ బైనరీలో దాచుకునే దశాంశ సంఖ్య) సంగతి వేరు. 4.35ని 100తో గుణించి ఇంట్()కి ఇస్తే 435 రాదు, 434 వస్తుంది. 4.35 బైనరీలో కచ్చితంగా ఇమడదు. గుణిస్తే 434.99999999999994 అవుతుంది, దశాంశ భాగాన్ని ఇంట్() కోసేస్తుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. '4.35'ని టెక్స్ట్‌గా ఇస్తే కుదరదనే ఫంక్షన్, ఫ్లోట్‌గా ఇస్తే నోరు మెదపదు. అందుకే డబ్బు లెక్కలున్న కాలమ్‌లను నేను టెక్స్ట్ నుంచి నేరుగా, దశాంశాల్ని ఉన్నదున్నట్టు ఉంచే డెసిమల్‌లోకే మారుస్తాను, మధ్యలో ఫ్లోట్‌ని రానివ్వను.

టెక్స్ట్‌ని పూర్ణాంకంగా మార్చడంపై పైథాన్ 3.11లో వచ్చిన 4300 అంకెల పరిమితి నాకెప్పుడూ అడ్డురాలేదు. భారీ సంఖ్యలతో పనిచేసేవాళ్లు ఒకసారి చూసుకోవాలి.

ఒక వరుస ఆగితే కూర్చుని చూసుకునే వీలు నాకుంది కాబట్టి ఇంత ఇష్టంగా చెబుతున్నాను. ఒక్క చెడ్డ వరుస కోసం మిగతా లోడ్ ఆగకూడని చోట, ఎర్రర్‌ని పట్టుకుని ప్రోగ్రామ్‌ని ముందుకు నడిపించే ట్రై-ఎక్సెప్ట్ పెట్టక తప్పదు. పెట్టండి, కానీ ఆ మెసేజ్‌ని లాగ్‌లో రాయించండి. ఎక్సెప్ట్ కింద సున్నా పెట్టేసి ముందుకెళ్లే కోడ్ చాలాచోట్ల చూశాను. ఆ కాలమ్‌లో సున్నా నిజంగా వచ్చిందో, చదవలేక పెట్టిందో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు.