స్టేజి మీద ట్యాబా, ఫోనా?

పాటల సాహిత్యం, కార్డ్స్ (chords, పాటకి తోడుగా గిటార్ మీద కలిపి వాయించే స్వరాలు) చూసుకోవడానికైతే నా ఓటు ట్యాబ్‌కే. 11 అంగుళాల తెర మీద పల్లవి, చరణాలు ఒకే పేజీలో పడతాయి, సింగర్ శ్రుతి అర మెట్టు దించమంటే ఒక్క టచ్‌తో కార్డ్స్ అన్నీ మారిపోతాయి, కాలి దగ్గర బ్లూటూత్ పెడల్ ఉంటే గిటార్ మీంచి చెయ్యి తీయకుండానే పేజీ తిరుగుతుంది. ఫోన్‌లో అదే పాట చూడాలంటే కళ్లు చికిలించాలి.

ట్యాబ్‌తో చిక్కల్లా ఎండ. ఐప్యాడ్‌ని 35 డిగ్రీల లోపే వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో విజయవాడలో పగటి పెళ్లికి వాయిస్తే తెర మసకబారి, చివరికి ఆగిపోవచ్చు కూడా. నీడలో పెట్టండి, ప్రింటు కాపీ ఒకటి దగ్గర ఉంచుకోండి.

మానిటర్ మిక్స్‌కి, అంటే స్టేజి మీద వాళ్లు తమకి తాము వినుకునే సౌండ్‌ని సర్దుకోవడానికి మాత్రం ఫోనే హాయి. బెరింజర్ కంపెనీ ఎక్స్ఆర్18 లాంటి డిజిటల్ మిక్సర్‌కి (మైకులు, వాయిద్యాల సౌండ్‌ని కలిపే పరికరం) ఎవరి ఫోన్ వాళ్లు కలుపుకుని, తమ చెవిలోకి వచ్చే డ్రమ్స్ తగ్గించి గొంతు పెంచుకోవచ్చు, సౌండ్ ఇంజినీర్‌కి సైగలు చేస్తూ టెన్షన్ పడక్కర్లేదు. కాకపోతే ఆ మిక్సర్‌లో ఉన్న వైఫై 2.4 గిగాహెర్ట్జే, జనం ఫోన్ల రద్దీలో తెగిపోతుంటుంది, విడిగా 5 గిగాహెర్ట్జ్ రూటర్ పెట్టుకోవాల్సిందే. పాట మధ్యలో కాల్ రాకుండా ఏరోప్లేన్ మోడ్ వేసి, వైఫై ఒక్కటే ఆన్ చేసుకోండి.