మొగదిషులో ఎంపీల ఓటు, హర్గేసాలో జనం ఓటు

సోమాలీల భాష ఒకటే, మతం ఒకటే. నాయకుణ్ని ఎన్నుకునే దారులు మాత్రం రెండు.

సోమాలియా రాజధాని మొగదిషులో 2022లో హసన్ షేక్ మొహముద్‌ని అధ్యక్షుణ్ని చేసింది ఎంపీలే, జనం కాదు. ఆ ఎంపీ సీట్లు కూడా '4.5' లెక్కన పంచుకున్నవే: నాలుగు పెద్ద తెగలకు తలా ఒక వాటా, మిగతా చిన్న వర్గాలన్నిటికీ కలిపి అర వాటా. మనిషిని అరగా లెక్కగట్టినట్టుందని చిన్న తెగలవాళ్ల బాధ. అయితే అంతర్యుద్ధం చూసిన దేశంలో పెద్ద తెగలన్నీ ఒకే గదిలో కూర్చున్నాయంటే ఆ లెక్క పుణ్యమే.

1991లో సోమాలియా నుంచి విడిపోయినట్టు ప్రకటించుకున్న సోమాలిలాండ్‌లో (రాజధాని హర్గేసా) జనమే నేరుగా ఓటేస్తారు. 2003లో అధ్యక్ష ఎన్నిక ఫలితాన్ని ఎన్నికల సంఘం కేవలం 80 ఓట్ల తేడాతో ప్రకటించింది. ఎంత టెన్షన్! అయినా ఓడినవాళ్లు తుపాకులు పట్టలేదు. 2024లో ప్రతిపక్ష అభ్యర్థి గెలిస్తే అధికారం ప్రశాంతంగా చేతులు మారింది. నా ఓటు హర్గేసా పద్ధతికే.

ఆడవాళ్ల సంగతికొస్తే నా మాట తడబడుతుంది. మొగదిషులో 30 శాతం కోటా నిండకపోయినా, మహిళా ఎంపీలైతే ఉన్నారు. సోమాలిలాండ్‌లో 2021లో పార్లమెంటు దిగువసభలోని 82 సీట్లకు 13 మంది మహిళలు పోటీచేస్తే ఒక్కరూ గెలవలేదు.