మెల్‌బోర్న్ కప్‌కు వెళ్లి ఫార్ ల్యాప్‌ను చూసొచ్చాం

గుర్రప్పందెం కోసం ఊరంతటికీ సెలవిస్తారని అక్క ఫోన్లో చెప్తే నమ్మలేదు. మాది మలక్‌పేట. మా ఇంట్లో రేసుల మాటెత్తితే అమ్మ చీపురు తీసేది. మెల్‌బోర్న్‌లో మాత్రం నవంబరు మొదటి మంగళవారం కప్ పేరు మీద అధికారికంగానే సెలవు. 2024లో సరిగ్గా ఆ వారానికి వెళ్లాం.

బస దగ్గరే మొదటి తప్పు చేశాం. అక్కావాళ్లు ఉండేది నగర శివారు టార్నీట్‌లో. పిల్లలతో వాళ్లని ఇబ్బంది పెట్టడమెందుకని సదరన్ క్రాస్ స్టేషన్ దగ్గర హోటల్ తీసుకున్నాం. రేసుల వారం కదా, అద్దె రెండింతలు. కిటికీ తెర తీస్తే పక్క బిల్డింగు గోడ. మంగళవారం పొద్దున్న కాఫీ తాగితే బిల్లులో 15 శాతం అదనం, సెలవు రోజు సర్‌ఛార్జి అట. సాయంత్రానికి బావ వచ్చి మా సామాను కార్లో వేసుకుపోయాడు. టార్నీట్ నుంచీ సదరన్ క్రాస్‌కు నేరుగా రైలుంది. చుట్టాలుంటే మొహమాటపడకుండా వాళ్లింట్లోనే దిగండి.

ఫ్లెమింగ్టన్ రేసుకోర్సుకు వెళ్లడం మాత్రం హాయి. ప్రత్యేక రైళ్లు గేటు పక్కనే దించుతాయి, కారు జోలికే పోవద్దు. లోపల ఎటు చూసినా గులాబీలు, సూట్లు, ఈకల టోపీలు. మామూలు టికెట్‌కు పచ్చికే కుర్చీ. మా శాకాహారులకు చిప్స్ తప్ప ఏం దొరకలేదు. లోపల ఇంకేమైనా ఉందేమో గానీ, ఆ క్యూలు దాటి వెతికే ఓపిక మాకు లేదు.

గేటు దగ్గర ఫార్ ల్యాప్ అనే పాతకాలపు పేరున్న రేసు గుర్రం కంచు విగ్రహం కింద నిలబడి బావ చరిత్ర మొదలెట్టాడు. 1861లో మొదటి కప్ గెలిచింది ఆర్చర్ అనే గుర్రం. మరుసటేడూ అదే. సిడ్నీ వైపు నుంచి 800 కిలోమీటర్లు నడిచొచ్చిందని కథలు చెప్తారు గానీ, నిజానికి ఓడలో వచ్చింది. 1863లో ఆర్చర్ పేరు నమోదు చేయమని పంపిన టెలిగ్రామ్, మెల్‌బోర్న్‌లో ఆ రోజు సెలవు కావడంతో ఆలస్యంగా చేరింది. నిర్వాహకులు కుదరదన్నారు. కోపమొచ్చి బయటి ప్రాంతాల గుర్రాల యజమానులంతా తప్పుకుంటే, చివరికి పరిగెత్తినవి ఏడు గుర్రాలే. సెలవు దెబ్బ నాకొక్కడికే తగిలిందనుకున్నా!

అసలు రేసు 3200 మీటర్లు, మూడు నిమిషాల పైచిలుకు. మాకు కనిపించింది అందులో పది సెకన్లు. కాళ్ల కింద నేల అదిరింది, తలల మధ్యలోంచి జాకీల రంగు టోపీలు సర్రున పోయాయి, అంతే. మిగతాదంతా పెద్ద స్క్రీన్ మీదే. నైట్స్ చాయిస్, జపాన్ గుర్రం వార్ప్ స్పీడ్ మూతీ మూతీ ఆనించినట్టు గీత దాటాయి. ఫొటో చూసి నైట్స్ చాయిస్ అన్నారు. డాలరుకు 90 డాలర్లిచ్చే గుర్రం. వారం రోజులు లెక్కలు కట్టిన బావ తన స్లిప్పు మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

డబ్బు పెట్టి చూడాల్సింది మెల్‌బోర్న్ మ్యూజియం అంటాను. పిల్లలకు టికెట్ లేదు, తోపులాట లేదు. ఫార్ ల్యాప్ అక్కడ అద్దాల పెట్టెలో నిలబడి ఉంది. అసలు చర్మమే. మెడ మీద నరాలు కూడా తెలుస్తున్నాయి. 1930 కప్‌కు మూడు రోజుల ముందు ఎవరో దాని మీద తుపాకీ పేల్చారు. గురి తప్పింది. అదే మధ్యాహ్నం ఒక రేసు గెలిచి, మంగళవారం కప్పూ గెలిచింది. ఈ పందెంలో మంచి గుర్రానికి ఎక్కువ బరువు పెడతారు. మరుసటేడు దీని మీద 68 కిలోలు మోపితే ఎనిమిదో స్థానంలో వచ్చింది. 1932లో కాలిఫోర్నియాలో చనిపోయింది.

ఎముకల గూడు న్యూజిలాండ్‌లో, గుండె కాన్‌బెర్రాలో ఉన్నాయని చదివి వినిపించాను. గుండె 6.2 కిలోలట. మా చిన్నది అద్దానికి ముక్కు ఆనించి, "మరి దీని లోపలేముంది నాన్నా?" అంది.