అమెరికా సెలెక్ట్రిక్ మన కరెంటు మీద: చాలాకాలం వాడాక

ఐబీఎం 1961లో తెచ్చిన బంతి టైపురైటర్ (అక్షరాలన్నీ ఒకే బంతి మీద ఉండేది) సెలెక్ట్రిక్, అమెరికాలో అమ్మిన 115 వోల్టుల మిషను, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద మన దగ్గర ఏళ్ల తరబడి నడుస్తుంది. టైపింగ్‌కి వంక పెట్టడానికి లేదు. కొనేవాళ్లు వోల్టేజీ ఒక్కటే అడుగుతారు గానీ, ఇబ్బంది పెట్టేది దాని పక్కనే రాసుండే 60, అంటే కరెంటు ఫ్రీక్వెన్సీ, సెకనుకు ఎన్ని సైకిళ్లో చెప్పే అంకె. మన కరెంటు 230 వోల్టులు, 50 సైకిళ్లు.

ముందు నేమ్‌ప్లేటు చదవాలి. మిషను మీద చెరిగిపోతే మోటారు మీద చూడండి. వోల్టులు, సైకిళ్లు, ఆంపియర్లు, ఈ మూడూ కావాలి. పాత ప్లేట్ల మీద హెర్ట్జ్ ఉండదు, ‘సైకిల్స్’ అనో ‘సీపీఎస్’ అనో ఉంటుంది. ‘ఏసీ/డీసీ’ అని ఉంటే లోపలిది కార్బన్ బ్రష్‌ల మోటారు. దానికి వోల్టేజీ కుదిరితే చాలు. ‘ఏసీ ఓన్లీ, 60’ అంటే సాధారణంగా ఇండక్షన్ మోటారు, సెలెక్ట్రిక్‌లో ఉండేది అదే. కెపాసిటర్ మీది వోల్టేజీ చూసి సప్లై అదే అనుకోవద్దు, అది కెపాసిటర్ తట్టుకునే హద్దు మాత్రమే.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుంది, 50ని 60 చెయ్యలేదు. మోటారు స్పీడు ఆరో వంతు పడిపోతుంది. అక్షరాలు కొట్టేటప్పుడు పెద్దగా తెలియదు, బంతిని మోసే క్యారియర్ వెనక్కి వచ్చేటప్పుడు తెలుస్తుంది. అసలు భయం వేడి గురించి. ఫ్రీక్వెన్సీ తగ్గాక కూడా అదే 115 ఇస్తే మోటారులోని ఇనప కోర్ సాచురేట్ అయి (అయస్కాంతత్వం ఇక పట్టనంతగా నిండిపోయి) కరెంటు ఎక్కువ లాగుతుంది. సెలెక్ట్రిక్‌లో స్విచ్ వేసినంతసేపూ మోటారు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ వేడి పేరుకుపోతుంది. 115ని 60తో భాగించి 50తో గుణిస్తే సుమారు 96. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ మీద 110 ట్యాప్ (ఆ వోల్టేజీ ఇచ్చే అవుట్‌పుట్ పాయింటు) కన్నా 100 ట్యాప్ మేలు. ఇంట్లో సప్లై 245కి ఎగబాకితే 110 ట్యాప్ మీద 117 వస్తుందని గుర్తుంచుకోండి.

100 మీద ఒక చిక్కుంది: స్టార్టింగ్ బలం తగ్గుతుంది. గ్రీజు గట్టిపడిన మిషనైతే మోటారు మూలుగుతుంది గానీ తిరగదు. వెంటనే ప్లగ్ పీకెయ్యాలి, లేకపోతే వైండింగ్ కాలిపోతుంది. ప్లగ్ తీసి ఉండగా మోటారు పుల్లీ చేత్తో తిప్పి చూడండి. బిగుతుగా ఉంటే వోల్టేజీ పెంచడం మందు కాదు, శుభ్రం చేసి పలచటి నూనె వెయ్యాలి.

ట్రాన్స్‌ఫార్మర్ సైజుకి ప్లేటు మీది ఆంపియర్లను వోల్టులతో గుణించండి. 1 ఆంపియర్, 115 వోల్టులంటే 115 వీఏ (వోల్ట్-ఆంపియర్లు). స్టార్టింగ్‌లో అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది గనక 300కి తగ్గొద్దు, 500 అయితే నిశ్చింత. ఒకే వైండింగ్ ఉండే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ చవకే, కానీ మిషనుని మెయిన్స్ నుంచి విడదియ్యదు. రెండు వైండింగులు వేరువేరుగా ఉన్నదే తీసుకుని, మూడు కోర్ల వైరుతో మిషను ఫ్రేముకి ఎర్త్ ఇవ్వండి.

ప్లేటే లేకపోతే రెండు పలక పిన్నుల ప్లగ్‌ని నమ్మొద్దు, వైర్లు మారుస్తుంటారు. అదే మోడల్ మోటారు ఇంకోటి దొరికితే ఓమ్స్ పోల్చండి: 230 వైండింగ్ రెసిస్టెన్స్ 115 దానికి దాదాపు నాలుగింతలు.

హెయిర్ డ్రయర్ల కోసం అమ్మే తేలికపాటి ఎలక్ట్రానిక్ కన్వర్టర్ మాత్రం దీనికి పెట్టనే వద్దు.