తొమ్మిదో తరగతి బైబిలు పీరియడ్: మా అమ్మాయి చదివిన ఏడాది

మాది పూజలు చేసుకునే ఇల్లు. గుంటూరు బ్రాడీపేటలో జాకెట్లు కుడతాను. పోయినేడాది జూన్‌లో మా అమ్మాయి చదివే మిషన్ స్కూలు నుంచి ఒక కాగితం వచ్చింది: పిల్లని బైబిలు, నీతి పీరియడ్‌లో కూర్చోబెట్టమంటారా, మామూలు మోరల్ సైన్సులోనా అని. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో మతబోధకి పిల్లలు కూర్చోవాలంటే పెద్దవాళ్లు ఒప్పుకోవాలని రాజ్యాంగం 28వ అధికరణలోనే ఉందని మా తమ్ముడు చెప్పాడు. "నేను బైబిలు దాంట్లో కూర్చుంటానమ్మా, కథలు చెబుతారంట" అంది పిల్ల. సంతకం పెట్టాను.

మా లైన్లో ఇద్దరు ముగ్గురు "మతంలో కలిపేస్తారేమో, చూసుకో" అన్నారు. మిషనరీ ఫాదర్ హేయర్ ఈ ఊరికి వచ్చింది 1842లో. అప్పటినుంచీ మనవాళ్లు మిషన్ బళ్లలో చదువుకుంటూనే ఉన్నారు. మా అత్తగారు పుట్టింది ఇక్కడి మిషన్ వాళ్ల కుగ్లర్ ఆసుపత్రిలో. ఏడాది చూసి చెబుతున్నాను, మతం మారమన్న మాట ఆ క్లాసులో ఒక్కసారీ రాలేదు.

వారానికి రెండు పీరియడ్లు. పది ఆజ్ఞలు, కొండమీద ప్రసంగం, మంచి సమరయుడు, తప్పిపోయిన కుమారుడు. పుస్తకం 180 రూపాయలు. రెండు నెలలకే అట్ట ఊడితే నేనే దారంతో కుట్టాను.

మా ఇంటిని కదిలించిన పాఠం జక్కయ్యది. యెరికోలో సుంకం వసూలు చేసేవాళ్లకి పెద్ద. పొట్టివాడు కాబట్టి యేసుని చూడ్డానికి మేడిచెట్టు ఎక్కాడు. యేసు అతని ఇంటికే వెళ్లాడు. అప్పుడతను, నా ఆస్తిలో సగం బీదలకిస్తాను, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకునుంటే నాలుగంతలు తిరిగిస్తాను అన్నాడు. ఈ నాలుగు లెక్క ఎక్కడిదని టీచరుగారు పిల్లల చేతే వెతికించారట. బైబిల్లోనే నిర్గమకాండం 22వ అధ్యాయంలో దొరికింది: గొర్రెని దొంగిలించి కోసినా, అమ్మినా నాలుగు గొర్రెలివ్వాలి. అంటే తను చేసింది గొర్రెల దొంగతనంతో సమానమని జక్కయ్యే లెక్క కట్టుకున్నాడన్నమాట.

మర్నాటికి హోంవర్కు, మీ ఇంట్లో తిరిగి ఇవ్వాల్సిందేమైనా ఉందా అని. పిల్ల నా కుట్టు మిషన్ కింద సంచీ లాగింది. మీటరు గుడ్డ ఇస్తారు, సన్నటివాళ్లకి ఎనభై సెంటీమీటర్లు చాలు. మిగిలిన పట్టు ముక్కలు పైపింగుకీ, బొత్తాలకీ దాచుకుంటాను. ఈ పనిలో అందరం అంతే.

"ఇయ్యి ఎవరియమ్మా?" అంది.

ఎవరూ అడగరే అన్నాను. "జక్కయ్యనీ ఎవరూ అడగలా" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ వారం నుంచి మిగిలిన ముక్కని మడిచి, జాకెట్టుకి పిన్ను పెట్టి ఇస్తున్నాను. ఒకావిడ ఆ ముక్కే మళ్లీ తెచ్చి మనవరాలికి బొమ్మ గౌను కుట్టించుకుంది.

పరీక్ష దగ్గర మాత్రం నాకు బాధేసింది. "జక్కయ్య ఎక్కిన చెట్టు ఏది?" ఒక మార్కు. "అతని నుంచి ఏమి నేర్చుకున్నావు?" అన్నదానికి పిల్ల మా గుడ్డముక్కల సంగతి రాస్తే, నోట్సులో ఉన్నట్టు లేదని నాలుగుకి రెండే వేశారు. క్లాసులో అంత బాగా అడిగినవాళ్లు పేపరు దిద్దేటప్పుడు బట్టీ జవాబు కోసం చూస్తే ఎలా? వెళ్లి అడిగాను. పేపరు దిద్దింది వేరే మేడమ్ అన్నారు. పిల్ల రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంకోటి, పదో తరగతికి రాగానే ఆ పీరియడ్లు లెక్కలకిచ్చేశారు. పబ్లిక్ పరీక్షలో ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు, వాటిలో ఇది లేదు. వారానికి ఒక్కటైనా ఉంచమని మీటింగులో చెప్పాను, మళ్లీ చెబుతాను.

పిల్లల్ని చేర్పించాలా అని అడిగేవాళ్లకి నా మాట: చేర్పించండి. ఏ మతమైనా సరే. కానీ సాయంత్రం నోట్సు తీయించి, ఇవాళ టీచరుగారు ఏమడిగారో కనుక్కోండి.

మా చిన్నాడు వచ్చే జూన్‌లో తొమ్మిదికొస్తాడు. సంతకం పెడతాను. పుస్తకం అక్కదే ఇస్తాను, నేను కుట్టిన అట్ట ఇంకా గట్టిగానే ఉంది.