దీవి క్లబ్ మెంబర్‌షిప్: దాపరికం ఎవరి కోసం?

పండగలకు ముందు ఫోన్లు మొదలవుతాయి. ‘మీ నంబరు సెలెక్టయింది సార్, మేడంతో కలిసి రావాలి, గంటన్నర ప్రెజెంటేషన్, డిన్నర్ మాదే.’ నెల్లూరు మాగుంట లేఔట్‌లో పెట్టినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో పెట్టినా తంతు ఒకటే. ఏసీ గట్టిగా వేసిన హాల్లో తెర మీద నీలం నీళ్లు, ఆ నీళ్లలో కట్టె కాళ్ల మీద నిలబడ్డ విల్లాలు. దీవి ఏ దేశంలో ఉందో చెబుతారు. పేరేంది అంటే మాత్రం ‘అది మెంబర్లకే సార్’ అని నవ్వేస్తారు. పక్క టేబుల్ వాళ్లకు ఎంత ధర చెప్పారో ఎవరికీ వినపడకుండా పాటలు పెడతారు.

ఇక్కడ ఒక్క కంపెనీని పట్టుకుని రాయడం లేదు. ప్రైవేట్ దీవి క్లబ్ అనే సరుకును మొత్తంగా చూస్తున్నాం. ముందే తేల్చేస్తే, దీవిలో బసకు ఐదుకు నాలుగు మార్కులు, మెంబర్‌షిప్‌కు ఐదుకు ఒకటిన్నర. బస వేరు, మెంబర్‌షిప్ వేరు. రెంటినీ ఒకే కవర్లో పెట్టి అమ్మడంలోనే కిటుకంతా ఉంది.

ఈ మోజు కొత్తదేం కాదు. అమెరికాలో జార్జియా తీరాన ఉన్న జెకిల్ దీవిని 1886లో కొందరు కోటీశ్వరులు కలిసి క్లబ్బు కోసం కొన్నారు. సభ్యులు వందకు మించకూడదన్నది నియమం. జె.పి. మోర్గాన్, విలియం రాక్‌ఫెల్లర్, జోసెఫ్ పులిట్జర్ అందులో సభ్యులు. 1910 నవంబరులో సెనేటర్ నెల్సన్ ఆల్డ్రిచ్ కొద్దిమంది బ్యాంకర్లను వెంటేసుకుని, బాతుల వేటకని చెప్పి ప్రైవేట్ రైలు పెట్టెలో బయల్దేరి అక్కడికి చేరాడు. నౌకర్లకు తెలియకూడదని ఇంటిపేర్లు పలకకుండా మాట్లాడుకున్నారు. దేశానికో కేంద్ర బ్యాంకు కోసం అక్కడ రాసుకున్న ముసాయిదా ఛాయలు 1913 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ రిజర్వ్ చట్టంలో ఉన్నాయి. ఆ దాపరికం అక్కడికి పోయినవాళ్లు పెట్టుకున్నది, వాళ్లకే పనికొచ్చింది. క్లబ్బు 1942లో మూతపడింది, 1947లో దీవిని ఆ రాష్ట్ర ప్రభుత్వం కొనేసింది. ఇప్పుడు ఆ క్లబ్ భవనం హోటలు, డబ్బు కడితే ఎవరైనా గది తీసుకోవచ్చు. కరీబియన్‌లోని మస్టిక్ దీవిది ఇంకో దారి. 1958లో కోలిన్ టెనెంట్ 45 వేల పౌండ్లకు కొన్న ఆ దీవిని నడిపే కంపెనీలో ఇప్పుడు అక్కడి ఇళ్ల యజమానులే వాటాదారులు.

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది: క్లబ్బు సభ్యులదా, యజమానిదా? సభ్యుల క్లబ్బులో సభ్యుడికి ఓటుంటుంది, ఏటా సర్వసభ్య సమావేశం ఉంటుంది, లెక్కలు చూపించమని అడిగే హక్కుంటుంది. యజమాని క్లబ్బులో ఇవేవీ ఉండవు. డబ్బు కట్టినవాడు కస్టమర్, అంతే. మన హోటళ్ల హాళ్లలో అమ్మేది దాదాపుగా రెండో రకమే. అగ్రిమెంటులో ‘వాడుకునే హక్కు’ అని ఉంటే దీవిలో ఇసుక రేణువు కూడా మీది కాదు. ‘ఓనర్‌షిప్’ అనే మాట బ్రోషర్లో కనిపించి అగ్రిమెంటులో కనిపించకపోతే ఆ బ్రోషర్‌ను అక్కడే వదిలి రావచ్చు.

మూసిన గేటు మనవాళ్లకు కొత్త కాదు. 2022లో తిరుపతి జిల్లాకు పోయేదాకా శ్రీహరికోట నెల్లూరు జిల్లాదే. సూళ్లూరుపేట దాటి ఆ దీవికి పోవాలంటే పాస్ ఉండాల్సిందే, అది ఎందుకో అందరికీ తెలుసు. అయినా 2019 నుంచి రాకెట్ ప్రయోగం చూడ్డానికి జనానికి గ్యాలరీ తెరిచారు, ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు. రాకెట్ కేంద్రమే అంత తెరిచినప్పుడు, సెలవుల విల్లాకు పేరు కూడా చెప్పనంత గుట్టు దేనికో అడగాలి.

జవాబు ధర దగ్గర దొరుకుతుంది. సేల్స్‌మన్ ఏ4 కాగితం మీద 12,00,000 అని పెద్దగా రాస్తాడు. అడ్డంగా గీత కొట్టి 9,00,000 రాస్తాడు. మీరు ఇంకా తటపటాయిస్తుంటే ‘మా మేనేజర్’ వస్తాడు, కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు, 9 మీద కూడా గీత పడుతుంది. 6,00,000, కానీ ఈ రాత్రికే. పై అంకెలు ఎవరూ ఇవ్వరు, మూడోది తగ్గినట్టు కనిపించడానికే వాటిని రాసేది. ఒక్కో జంటకు ఒక్కో ధర పడుతుంది కాబట్టే ధర బయట చెప్పొద్దంటారు. వెళ్లేటప్పుడు ఆ కాగితం అడిగి చూడండి, సాధారణంగా ఇవ్వరు. ఫోటో తీయబోతే చెయ్యి అడ్డం పెడతారు. దంపతులిద్దరూ రావాలనేది మర్యాద కోసం అనుకుంటే పొరపాటు. ‘ఇంట్లో అడిగి చెప్తా’ అనే దారి మూసేయడానికి.

ఇప్పుడు లెక్క. ఆరు లక్షలే అనుకుందాం. 18 శాతం జీఎస్టీతో 7,08,000. పాతికేళ్ల మెంబర్‌షిప్, ఏడాదికి ఏడు రాత్రులు. పాతికేళ్లకు పంచితే ఏడాదికి 28,320. ఏటా మెయింటెనెన్స్ 25,000 అనుకుంటే జీఎస్టీతో 29,500. రెండూ కలిపి 57,820, అంటే రాత్రికి 8,260. ఇదే లెక్క వాళ్లూ చూపిస్తారు, చౌకగానే కనిపిస్తుంది. చూపించనిది వడ్డీ. అదే 7,08,000 ఏడు శాతానికి బ్యాంకులో వేస్తే ఏడాదికి 49,560 వస్తుంది, అసలు అలాగే ఉంటుంది. మెయింటెనెన్స్‌తో కలిపితే మీరు వదులుకునేది ఏడాదికి 79,060, అంటే రాత్రికి 11,294. ఇంకా తిండి, పడవ, విమానం ఏవీ కలపలేదు. మన వైపు రెండ్రూపాయల వడ్డీకి తిప్పేవాళ్లకైతే ఇంకా వివరించక్కర్లేదు: నెలకు 14,160. ఒక ఏడాది వెళ్లకపోతే మరుసటి ఏడాది రాత్రి ఖరీదు రెట్టింపైనట్టే. మెయింటెనెన్స్ మాత్రం వెళ్లినా వెళ్లకపోయినా కట్టాలి, అది ఎంత శాతం దాకా పెరగొచ్చో పరిమితి రాయకపోతే పాతికేళ్లలో ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు.

వెళ్లలేకపోవడం మనకు మామూలే. వనామీ రొయ్యలు వేసిన రైతు మూడు నాలుగు నెలలు గుంటను వదిలి కదలలేడు. నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ ఆగితే తెల్లారేసరికి సరుకు తేలిపోతుంది. పిల్లల బడి సెలవులు సంక్రాంతికి, దసరాకు, ఎండాకాలంలో. దీవి మాల్దీవుల్లో ఉందనుకుందాం. అక్కడ పొడి వాతావరణం ఇంచుమించు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా, మే నుంచి నైరుతి వానలు. అంటే సంక్రాంతికి అక్కడ అత్యంత గిరాకీ సీజన్, ఎండాకాలం సెలవుల్లో వాన. అగ్రిమెంటులో సీజన్‌కో రంగు, రంగుకిన్ని పాయింట్లు అని ఒక పట్టిక ఉంటుంది. మీకిచ్చిన పాయింట్లతో సంక్రాంతి వారం దొరుకుతుందా అని అదే పట్టిక మీద వేలు పెట్టి అడగండి. చౌక పథకాల్లో ఏడు రాత్రులనేది తక్కువ సీజన్ లెక్క, గిరాకీ వారంలో అవే పాయింట్లు మూడు రాత్రులకే సరిపోవచ్చు. ‘లభ్యతను బట్టి’ అన్న వాక్యం ఉంటే ఆ మూడు కూడా గ్యారంటీ లేదు. బుకింగ్ ఎన్ని నెలల ముందు తెరుస్తారు, మెంబర్లు కానివాళ్లకు అవే గదులు బుకింగ్ సైట్లలో అమ్ముతున్నారా అనేవి చూడాల్సినవి. అమ్ముతుంటే ‘మెంబర్లకే’ అన్న మాటకు అర్థమే లేదు.

బసకు నాలుగు ఎందుకిచ్చామంటే, మాల్దీవుల్లో ఒక దీవికి ఒకే రిసార్టు అనే పద్ధతి. 1972లో కురుంబా రిసార్టుతో మొదలైన ఈ పద్ధతి వల్ల దొరికే ఏకాంతం నిజమైనదే. దాంతోపాటే వచ్చే ఇబ్బంది కూడా అదే: దీవిలో ఇంకో హోటలుండదు, కొట్టుండదు, వాళ్లు పెట్టిందే తినాలి, వాళ్ల రేటే కట్టాలి. బుక్ చేసేటప్పుడే మూడు పూటల భోజనం కలిపిన ప్లాన్ తీసుకోవాలి. ఒక్క మధ్యాహ్న భోజనం విడిగా కొంటే బిల్లు చూసి ఆకలి చచ్చిపోతుంది. చెప్పిన ధర మీద మామూలుగా 10 శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద 2025 జూలై నుంచి 17 శాతం పర్యాటక జీఎస్టీ. 1000 డాలర్లు అన్నది 1287 అవుతుంది. ఆపైన రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్. నలుగురు ఐదు రాత్రులుంటే అదే 240 డాలర్లు. మెంబర్‌షిప్ ఉన్నా గ్రీన్ ట్యాక్స్ తప్పదు. నెల్లూరు చేపల పులుసు అలవాటైన నోటికి అక్కడి ట్యూనా చప్పగానే ఉంటుంది, ఆ సంగతి మార్కుల్లో కలపలేదు.

ప్రయాణంలో చెడేది ఎక్కువగా సీప్లేన్ దగ్గర, అంటే రాజధాని మాలే నుంచి దీవికి తీసుకెళ్లే, నీళ్ల మీద దిగే చిన్న విమానం దగ్గర. అవి పగటి వెలుతురులోనే ఎగురుతాయి. మధ్యాహ్నం మూడు దాటాక మాలే ఎయిర్‌పోర్టులో దిగితే దూరపు దీవికి ఆ రోజు అందదు, మాలే చుట్టుపక్కల ఒక రాత్రి సొంత ఖర్చుతో ఉండాలి, దీవిలో ఒక రాత్రి వృథా. నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు మూడు గంటల పైమాట, ఒంగోలు నుంచి దాదాపు రెట్టింపు. ముందు సీప్లేన్ వేళ చూసుకుని, దాన్నిబట్టి విమానం టికెట్టు తీయాలి. చాలామంది చౌక టికెట్టు ముందు కొని తర్వాత చిక్కుల్లో పడతారు. సీప్లేన్‌లో సామాను మామూలుగా మనిషికి 20 కిలోలు, చేతిలో 5. భారతీయులకు వీసా దిగాక ఉచితంగా ఇస్తారు, కానీ ప్రయాణానికి 96 గంటలలోపు ఆన్‌లైన్ డిక్లరేషన్ నింపాలి. మద్యం తీసుకెళ్తే కస్టమ్స్‌లో పెట్టేసుకుంటారు. పూజకు దేవుడి విగ్రహం పెట్టెలో పెట్టుకోవద్దు, వాటికి అక్కడ అనుమతి లేదు. లక్షద్వీప్ చూపించి అమ్మేవాళ్లుంటే, అక్కడికి మనకైనా ఎంట్రీ పర్మిట్ కావాలని గుర్తుంచుకోండి.

గోప్యత క్లాజు రెండు రకాలు. తోటి అతిథుల ఫోటోలు తీయొద్దు, ఎవరొచ్చారో బయట చెప్పొద్దు అన్నది సబబే, సంతకం పెట్టొచ్చు. ధర, షరతులు, గొడవలు ఎవరితోనూ మాట్లాడకూడదన్నది అమ్మేవాడి రక్షణ కోసం రాసింది. కోర్టుకు పోకూడదని ఏ కాగితం రాయించుకున్నా కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ముందు నిలవదు. ‘వివాదాలన్నీ ముంబైలో ఆర్బిట్రేషన్‌కే’ అని ఉన్నా భయపడక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు.

సంతకానికి ముందు అడగాల్సిన కాగితాల్లో మొదటిది దీవి లీజు. మాల్దీవుల్లో రిసార్టు దీవులు ప్రభుత్వం నుంచి లీజుకు తీసుకున్నవి. లీజు పదిహేనేళ్లే మిగిలుంటే పాతికేళ్ల మెంబర్‌షిప్ ఎట్టా అమ్ముతున్నారో అడగాలి. రసీదు మీద కంపెనీ పేరు, అగ్రిమెంటులో పేరు, దీవిని నడిపే కంపెనీ పేరు మూడూ ఒకటేనా చూడాలి. వేరైతే వాటి మధ్య ఒప్పందం కాపీ కావాలి. ‘మీ వారం మేమే అద్దెకిచ్చి ఏడాదికింత ఇస్తాం’ అని నోటితో చెబితే అగ్రిమెంటులో రాయమనండి, రాయరు. రాస్తే అది పెట్టుబడి పథకం కిందికి రావచ్చు, పెట్టుబడుల మీద నిఘా పెట్టే సెబీ ఎదుట జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. సగం నగదుగా ఇమ్మంటే లేచి వచ్చేయండి, 2 లక్షలు లేదా అంతకు మించి నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. విదేశీ ఖాతాకు పంపాలంటే బ్యాంకు ద్వారానే, విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం కింద మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు.

ఎవరికి పనికొస్తుంది? ఏటా అదే వారంలో, అదే చోటికి, పిల్లా జెల్లాతో తప్పకుండా పోయే కుటుంబానికి, అదీ పేరున్న కంపెనీ స్థిర వారం రాసిస్తే. చీమకుర్తిలో క్వారీ నడిపేవాళ్లయినా, కావలిలో డాక్టర్లయినా తేదీలు చేతిలో లేనివాళ్లు రాత్రి లెక్కన కట్టి పోవడమే మేలు. ఇంకా తేల్చుకోలేకపోతే, మాల్దీవుల్లో చాలా రిసార్టులు పగటి పాసు అమ్ముతాయి, మొదటిసారికి అది తీసుకుని చూడండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ముందు చూడాల్సింది రద్దు గడువు. యూరప్‌లో ఇలాంటి ఒప్పందాలకు 14 రోజుల గడువు చట్టమే ఇస్తుంది. మన దగ్గర వీటికంటూ ప్రత్యేక చట్టం లేదు, కంపెనీ అగ్రిమెంటులో రాస్తేనే ఉంటుంది. ఆ గడువు సంతకం రోజు నుంచా, వెల్‌కమ్ కిట్ అందిన రోజు నుంచా అన్నది ముఖ్యం. కిట్ ఆలస్యంగా వస్తే, సంతకం రోజు నుంచి లెక్కేసే గడువు ఆలోపే దాటిపోయి ఉండొచ్చు. రద్దు కోరుతున్నట్టు ఈమెయిల్‌తోపాటు స్పీడ్ పోస్టులో కూడా పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. ఫోన్లో ‘చూస్తాం సార్’ అన్నది లెక్కలోకి రాదు. కార్డు మీద కట్టి ఈఎంఐగా మార్చి ఉంటే అదే రోజు బ్యాంకుకూ లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి, లేకపోతే క్లబ్బు రద్దయినా వాయిదాలు పోతూనే ఉంటాయి. తర్వాత వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్, దానితో తెగకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు. మీరు కట్టింది 50 లక్షల లోపైతే నెల్లూరు, ఒంగోలు కమిషన్లలోనే నడుస్తుంది, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి, దాటితే ఆలస్యానికి కారణం చూపి కమిషన్‌ను ఒప్పించుకోవాలి.